ముద్ద ఛాతీలో ఆగిపోతోంది, వాపు చూసే రక్త పరీక్షలు సీఆర్‌పీ, ఈఎస్ఆర్ మాత్రం బాగానే ఉన్నాయి. ఎండోస్కోపీ తప్పదా?

తెనాలి_కుర్రోడు:

అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి అడుగుతున్నా. వాడికి 24, హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్ తిండి. ఏడాది పైనుంచి చపాతీ, గట్టి అన్నం, ముఖ్యంగా మాంసం తింటే ఛాతీ మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటోందట, గుక్క గుక్కకీ నీళ్ళు తాగి దింపుకుంటాడు. నీళ్ళు, మజ్జిగ అయితే ఏ ఇబ్బందీ లేదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నాటుకోడి ముక్క ఆగిపోయి, ఉమ్ము కూడా మింగలేక, సింక్ దగ్గర వంగి నిలబడ్డాడు. చాలాసేపటికి దానంతటదే దిగింది కానీ మాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మ మాత్రం "నమలకుండా మింగుతాడు, చిన్నప్పట్నుంచీ అంతే" అని తేల్చేసింది.

ఇక్కడ డాక్టర్‌కి చూపిస్తే గ్యాస్ టాబ్లెట్ రాసి, లోపల వాపు ఏమైనా ఉందేమో చూద్దామని రక్త పరీక్షలు చేయించారు. ఈఎస్ఆర్ 18, హిమోగ్లోబిన్ 13.8, తెల్ల కణాలు 8,200, అందులో న్యూట్రోఫిల్స్ 58 శాతం, లింఫోసైట్స్ 28 శాతం, ఇసినోఫిల్స్ 10 శాతం. సీఆర్‌పీ ఒక ల్యాబ్‌లో 0.3 వచ్చింది, అనుమానం వచ్చి ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 3.4 అన్నారు, అంటే పది రెట్లు పెరిగిందా అని మాకు టెన్షన్. పైగా నేను నెట్‌లో చదువుతుంటే అన్నవాహిక క్యాన్సర్ ఉన్నవాళ్ళకి న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి పెరుగుతుందని కనిపించింది, లెక్కేస్తే వీడికి 2 పైన వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. రక్తంలో వాపు గుర్తులు పెద్దగా లేవు కాబట్టి అన్నవాహిక బాగున్నట్టేనా, ఎండోస్కోపీ మానేయొచ్చా? వాడికి నోట్లోంచి వేసే ఆ కెమెరా గొట్టం అంటే చచ్చేంత భయం. అన్నట్టు వాడికి చిన్నప్పుడు ఆయాసం ఉండేది, ఇప్పటికీ పొద్దున్నే లేవగానే వరుసగా తుమ్ములు.

—

పిప్పెట్_పంతులు:

ల్యాబ్‌లో పనిచేస్తాను కాబట్టి అంకెల వరకు చెప్తా, వైద్యం సంగతి డాక్టర్లు చెప్తారు.

ముందు ఆ పది రెట్ల టెన్షన్ తీసేసుకోండి. రెండు రిపోర్టుల్లోనూ అంకె పక్కన ఉన్న యూనిట్ చూడండి. మొదటి ల్యాబ్ డెసీలీటర్‌కి మిల్లీగ్రాముల్లో ఇచ్చి ఉంటుంది, రెండోది లీటర్‌కి మిల్లీగ్రాముల్లో. డెసీలీటర్‌కి 0.3 అంటే లీటర్‌కి 3, రెండో చోట 3.4, రెండూ దాదాపు ఒకటే, రెండూ నార్మలే. రోజూ మా కౌంటర్ దగ్గర ఈ గొడవ ఒకటైనా ఉంటుంది, రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళనీ చూశాను. ఇంకో చిక్కు, "హెచ్ఎస్ సీఆర్‌పీ" అని గుండె రిస్కు కోసం చేసేది ఒకటుంది. అదే ప్రొటీన్, అతి తక్కువ మోతాదునూ పట్టుకునే పద్ధతి, దానికి హద్దులు వేరు. హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో అదే పెడతారు, దాన్ని చూసి వాపు ఉందనీ లేదనీ తేల్చుకోకండి.

సీఆర్‌పీని 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. లివర్‌లో తయారవుతుంది, ఒంట్లో ఎక్కడైనా పెద్ద ఇన్‌ఫెక్షనో దెబ్బో తగిలితే కొన్ని గంటల్లో ఎగబాకుతుంది, కారణం పోతే సుమారు 19 గంటలకోసారి సగానికి పడిపోతూ వస్తుంది. ఎక్కడ తగలబడుతోందో మాత్రం చెప్పదు. పంటి చీము అయినా, మోకాలు అయినా దానికి ఒకటే.

ఈఎస్ఆర్ ఇంకా మొండిది. సిట్రేట్ కలిపిన రక్తాన్ని 200 మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి గొట్టంలోకి లాగి, స్టాండ్‌లో నిటారుగా నిలబెట్టి గంటసేపు కదపకుండా వదిలేస్తాం. ఎర్ర కణాలు కిందికి దిగి పైన పసుపుపచ్చ ప్లాస్మా ఎన్ని మిల్లీమీటర్లు తేలిందో అదే మీ రిపోర్టులో అంకె. గొట్టం కాస్త వాలినా పెరుగుతుంది, గది వేడిగా ఉన్నా పెరుగుతుంది, రక్తం తక్కువున్నా, గర్భంతో ఉన్నా, వయసు పైబడినా పెరుగుతుంది. 18 చూసి కంగారు పడక్కర్లేదు, అది 8 ఉన్నా నేను ధీమాగా ఉండమని చెప్పేవాణ్ణి కాదు.

మీరు వదిలేసిన అంకె ఒకటుంది. 8,200లో 10 శాతం అంటే ఇసినోఫిల్స్ (అలర్జీకో పురుగులకో పెరిగే తెల్ల కణాలు) 820. మామూలుగా 500 లోపు ఉండాలి. రిపోర్టులో దాని పక్కన చిన్న బాణం గుర్తు ఉండే ఉంటుంది చూడండి.

—

గోదారి_గట్టు:

ఇస్నోఫీలియానా! అది మా వైపు ఇంటికొకరికి ఉంటుంది, తుమ్ములు, ఆయాసం అన్నారు కూడా. నులిపురుగులున్నా పెరుగుతుంది, ఫైలేరియా ఉన్నచోట ఆ పురుగు వల్ల ఊపిరితిత్తులకొచ్చే రకమైతే వేలల్లోకి వెళ్తుంది. ముందు ఒక నట్టల మందు వేయించి, నెల తర్వాత రక్తం మళ్ళీ చూడండి. 24 ఏళ్ళ కుర్రాడికి అప్పుడే గొట్టం ఎందుకు, ఆస్పత్రికి వెళ్తే వాళ్ళు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు.

—

గ్యాస్ట్రో_డ్యూటీ:

గ్యాస్ట్రోఎంటరాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. చూడకుండా రోగనిర్ధారణ చేయను, కానీ ఈ ప్రశ్నకి మాత్రం సూటిగా జవాబుంది. గట్టి ఆహారం ఇరుక్కోవడం, ఒకసారి ఉమ్ము కూడా దిగకపోవడం అనే చరిత్ర ఉన్నాక ఎండోస్కోపీ చేయించాల్సిందే, సీఆర్‌పీ ఎంతున్నా సరే. మింగుడుపడకపోవడం అన్నది ఏ వయసులోనైనా లోపల చూసి తేల్చుకోవాల్సిన లక్షణం.

ఎందుకంటే అన్నవాహిక జబ్బుల్లో చాలావాటికి రక్తంలో ఆనవాలు ఉండదు. యాసిడ్ పైకి తన్ని లోపలి పొర పుండుపడినా సీఆర్‌పీ చాలామందిలో కదలదు. ఆ వాపు రెండు మూడు మిల్లీమీటర్ల మందం గోడకే పరిమితం, లివర్‌ని లేపేంత సంకేతం అక్కణ్ణుంచి వెళ్ళదు. అకలేషియా అనే జబ్బులో అసలు సమస్య నరాలది. అన్నవాహిక కింది వాల్వు వదులు కావాల్సినప్పుడు వదులు కాదు, దానికి రక్త పరీక్షే లేదు. ఇక సీఆర్‌పీ నిజంగా ఎగిరే సందర్భాలు వేరే ఉన్నాయి: గట్టిగా వాంతి చేసుకున్నప్పుడు గోడ చిరిగి ఛాతీలోకి లీకైతే, చేపముల్లు గుచ్చుకుని చీము పడితే, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లకి, టీబీ గడ్డలు పక్కనుంచి నొక్కితే. అలాంటివాళ్ళు జ్వరంతోనో భరించలేని నొప్పితోనో వస్తారు, ఫోరంలో అడుగుతూ కూర్చోరు.

మీ తమ్ముడి వివరాలు చదవగానే నాకు మొదట తట్టింది ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్, అంటే అన్నవాహిక పొరలో ఇసినోఫిల్స్ చేరి వాపు తెచ్చే జబ్బు. యువకులు, మగవాళ్ళలో ఎక్కువ, వెంట ఆయాసమో తుమ్ములో అలర్జీ ఉండటం, ద్రవాలు సాఫీగా దిగి గట్టివి ఆగడం, మాంసం ఇరుక్కోవడం, అన్నీ దానికి సరిపోతున్నాయి. దీన్ని విడి జబ్బుగా గుర్తించిందే 1990ల మొదట్లో. అంతకుముందు యాసిడ్ ఖాతాలో వేసేవారు, ఇప్పటికీ మన దగ్గర చాలామందికి జరుగుతున్నది అదే. ఇందులో రక్తంలో ఇసినోఫిల్స్ కొంచెం పెరగొచ్చు, అయితే చాలామందిలో నార్మల్‌గానే ఉంటాయి. కాబట్టి 820 ఉందని ఈ జబ్బేనని చెప్పలేం, 200 ఉంటే లేదనీ చెప్పలేం. ఆయాసం, తుమ్ములు ఉన్నవాడికి ఆ 820 వాటివల్లే వచ్చి ఉండొచ్చు. నిర్ధారణ అయ్యేది ఒక్క బయాప్సీతోనే, అంటే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం: మైక్రోస్కోప్‌లో పెద్దది చేసి చూసినప్పుడు ఒక్క ఫీల్డ్‌లో 15 లేదా అంతకంటే ఎక్కువ ఇసినోఫిల్స్ కనిపించాలి. ఆరోగ్యంగా ఉన్న అన్నవాహిక పొరలో అవి అసలు ఉండవు.

న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి మీద మీరు చదివినవి తప్పు కాదు, కానీ అవి క్యాన్సర్ ఉందని ముందే తేలినవాళ్ళ మీద చేసిన పరిశోధనలు. నిష్పత్తి ఎక్కువున్న గుంపు ఎక్కువకాలం బతకలేదు, తక్కువున్న గుంపు కాస్త మెరుగు, అంతవరకే. క్యాన్సర్ ఉందా లేదా తెలుసుకోవడానికి దాన్ని ఎవరూ వాడరు. జలుబు చేసినా, స్టెరాయిడ్ మాత్ర వేసుకున్నా, రాత్రంతా నిద్రలేకపోయినా మారుతుంది. 2 అంటే మామూలు మనిషికి ఉండేదే.

గోదారి_గట్టు గారూ, మలపరీక్ష చేయించమనడంలో తప్పులేదు, నేనూ చేయిస్తాను. ముఖ్యంగా ఈ జబ్బుకి స్టెరాయిడ్ వైద్యం మొదలుపెట్టేముందు స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు లేదని చూసుకోవాలి, అది ఉండగా ఒళ్ళంతా పాకే స్టెరాయిడ్ ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. పైగా మనం మామూలుగా వేసే ఆల్బెండజోల్ ఒక్క మాత్ర దానికి చాలదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. కానీ నులిపురుగులకి కోడిముక్క ఛాతీలో ఆగదు కదండీ. మలపరీక్ష, ఎండోస్కోపీ రెండూ పక్కపక్కనే జరగాలి, నెల ఆగి చూద్దామనడం నాకు నచ్చలేదు.

—

డాలస్_దోశె:

సరిగ్గా ఈ జబ్బుతోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఇండియాలో ఉన్నప్పుడు గ్యాస్ అన్నారు, ఇక్కడికొచ్చాక ఆఫీసు లంచ్‌లో టర్కీ ముక్క ఇరుక్కుని ఎమర్జెన్సీలో గొట్టం వేసి తీశాక కానీ పేరు తెలియలేదు. అప్పుడు నా సీఆర్‌పీ, ఈఎస్ఆర్ శుభ్రంగా ఉన్నాయి, ఇసినోఫిల్స్ కూడా హద్దులోనే. స్కోప్‌లో మాత్రం నా అన్నవాహిక లోపల వరసగా రింగులు, నిలువుగా గాళ్ళు, అక్కడక్కడా తెల్లటి చుక్కలు, ఆ ఫొటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది.

మీకు పనికొచ్చే సంగతి ఒకటి: తినే పద్ధతి చూడండి. నేను ఏళ్ళ తరబడి అందరికంటే ఆలస్యంగా తిని లేచేవాణ్ణి, ప్రతి ముద్దకీ నీళ్ళు, అన్నంలో చారు ఎక్కువ, పెళ్ళిళ్ళలో మాంసం ముట్టకపోవడం, ఇవన్నీ నా అలవాట్లే అనుకున్నాం ఇంట్లో. జబ్బుకి తగ్గట్టు మనిషే సర్దుకుపోతాడు, అందుకే బయటపడదు. "నమలకుండా మింగుతాడు" అన్న మీ అమ్మగారి మాట చదివి నవ్వొచ్చింది, మా అమ్మదీ అదే డైలాగ్.

వైద్యం మూడు దారులు. యాసిడ్ తగ్గించే మాత్ర ఎక్కువ మోతాదులో కొన్ని వారాలు, దాంతోనే దాదాపు సగంమందికి తగ్గుతుంది, నాకు తగ్గలేదు. రెండోది మింగే స్టెరాయిడ్. ఆయాసానికి పీల్చే మందునే గొంతులోకి కొట్టుకుని మింగడం, లేదా బుడెసొనైడ్‌ని తేనెలాంటి చిక్కటిదాంట్లో కలిపి మింగి అరగంట ఏమీ తాగకుండా ఉండటం. మూడోది తిండి మానడం: పాలు, గోధుమ, గుడ్డు, సోయా, గింజలు, చేపలు. ఆరూ మానేసి బతికేదెలా అని మొదట ఏడ్చాను, అయితే 2023లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో ఒక్క పాలు మానినవాళ్ళకీ, ఆరూ మానినవాళ్ళకీ ఫలితం దాదాపు సమానంగానే వచ్చింది. కాబట్టి పాలతో మొదలుపెట్టారు మా డాక్టర్. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడం ఎంత కష్టమో ఇక్కడి డైటీషియన్‌కి చెప్తే అర్థం కాలేదు లెండి. 2022 మే నుంచి డుపిలుమాబ్ అనే ఇంజెక్షన్‌కీ ఇక్కడ అనుమతి ఉంది, ధర చూస్తే ఇన్సూరెన్స్ లేకుండా ఊహించలేం.

ఇంకో మాట, ఇప్పుడు వేసుకుంటున్న గ్యాస్ టాబ్లెట్ సంగతి స్కోప్ చేసే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. అది వేసుకుంటుండగా బయాప్సీ చేస్తే ఇసినోఫిల్స్ తగ్గిపోయి జబ్బు కనపడకుండా పోయే అవకాశం ఉంది.

—

ఓరుగల్లు_పిల్ల:

మా నాన్నది వేరే కథ, కానీ రక్త పరీక్షల దగ్గర మాత్రం సేమ్. ఆయనకి అన్నంతో పాటు నీళ్ళు కూడా ఆగేవి. రాత్రి పడుకుంటే మధ్యాహ్నం తిన్నది నోట్లోకి వచ్చేది, దగ్గు, దిండు తడి. ఆ దగ్గుకి టీబీ అని కఫం పరీక్షలు, ఎక్స్‌రేలు, బరువు తగ్గుతుంటే షుగర్ పరీక్షలు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ నార్మల్ అని చూపించి ఒక డాక్టర్ "మీకేం లేదు, మనసులోదే" అని నిద్రమాత్రలు రాశాడు. నాన్న నిజంగానే నమ్మిండు, తనకేదో పిచ్చి పట్టిందని.

చివరికి బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక పైన ఉబ్బి, కింద పక్షి ముక్కులాగా సన్నగా అయిపోయి కనిపించింది. తర్వాత ముక్కులోంచి సన్నటి వైరు వేసి ఒత్తిడి కొలిచి అకలేషియా అన్నారు. పోయెమ్ అనే పద్ధతిలో నోట్లోంచే వెళ్ళి ఆ కండరం కోశారు, పైన కుట్టు లేదు. జపాన్‌లో 2008లో మొదలైన పద్ధతట, హైదరాబాద్‌లో ఇప్పుడు బాగా చేస్తున్నారు. ఆపరేషన్ తర్వాత ఇడ్లీ దిగుతుంటే నాన్న మొహం చూడాలి.

అన్నా, మీ తమ్ముడికి నీళ్ళు ఆగట్లేదన్నారు కాబట్టి ఇది కాకపోవచ్చు. కానీ స్కోప్‌లో ఏమీ కనపడకపోతే అక్కడితో ఆగకండి, ఒత్తిడి కొలిచే పరీక్ష గురించి అడగండి. నాన్నకి మొదటి ఎండోస్కోపీ కూడా నార్మల్ అనే రాశారు.

—

నెల్లూరు_పులుసు:

అందరూ సీఆర్‌పీని తీసిపారేస్తున్నారు కాబట్టి దాని తరఫున ఒక మాట. మా అత్తయ్యకి అన్నవాహిక క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది, అన్నవాహిక తీసేసి పొట్టని పైకి లాగి గొట్టంలా కుట్టారు. ఆ కుట్టు దగ్గర లీకవుతుందేమోనన్నదే ఆ తర్వాత అసలు భయం. రోజూ పొద్దున్నే రక్తం తీసి సీఆర్‌పీ చూసేవారు. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకి అది వందల్లోకి పోవడం మామూలేనట, ఆ తర్వాత దిగుతూ వస్తే ధైర్యం, దిగాల్సిన టైములో దిగకపోతే స్కాన్‌కి పంపుతారు. ఆవిడకి నాలుగో రోజు నుంచి దిగింది. సర్జన్ గారు కేసు షీటులో ముందు చూసేది ఆ అంకెనే. అక్కడ అది ఎంత పనికొచ్చిందో, మీ తమ్ముడి విషయంలో అంత పనికిరాదు, ఎందుకంటే అక్కడ జబ్బేమిటో ముందే తెలుసు, ఎటు పోతోందో మాత్రమే చూస్తున్నారు.

—

తెనాలి_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్, యూనిట్ల సంగతి నిజమే, మొదటి రిపోర్టులో డెసీలీటర్ అనే ఉంది. అమ్మకి డాలస్ అన్న రాసింది చదివి వినిపించా, "అయితే పెరుగు మానాలా" అని మాత్రం అడిగింది. తమ్ముడు ఒప్పుకున్నాడు, హైదరాబాద్‌లోనే వచ్చేవారం చేయిస్తున్నాం. గొట్టం వేసేటప్పుడు నొప్పి ఉంటుందా? ఈలోపు మళ్ళీ ఇరుక్కుంటే ఏం చేయాలి, మా పిన్ని చేపముల్లుకి చేసినట్టు గట్టి అన్నం ముద్ద మింగించమంటోంది.

—

గ్యాస్ట్రో_డ్యూటీ:

అన్నం ముద్ద, అరటిపండు, వీపు మీద గుద్దడం ఏవీ వద్దు. ఇరుక్కున్నదాని మీద ఇంకోటి వేస్తే గోడ మీద ఒత్తిడి పెరుగుతుంది, ఈ జబ్బులో ఆ గోడ తడి కాగితంలా చిరిగే రకం. ఉమ్ము మింగగలిగితే కదలకుండా కూర్చుని కాసేపు ఆగండి. ఉమ్ము కూడా దిగకపోయినా, ఛాతీలో నొప్పి మొదలైనా, రాత్రయినా సరే ఎండోస్కోపీ ఉన్న ఆస్పత్రికి వెళ్ళిపోండి, తెల్లారేదాకా ఆగొద్దు. అంతవరకు మాంసం మానేసి మెత్తగా తినమనండి.

గొంతులో మత్తు స్ప్రే కొడతారు, భయమెక్కువుంటే నిద్రమత్తు ఇంజెక్షన్ అడగండి, అప్పుడు తోడు ఒకరుండాలి, ఆ రోజు బండి నడపకూడదు. ముందు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు. ముఖ్యమైంది ఇది: పైకి నార్మల్‌గా కనిపించినా అన్నవాహిక పైభాగం, కిందిభాగం రెండు చోట్లనుంచి కలిపి కనీసం ఆరు ముక్కలు తీయమని చేసే డాక్టర్‌తో ముందే మాట్లాడండి. బయాప్సీ రిపోర్టులో ఊరికే "దీర్ఘకాలిక వాపు" అని రాసిస్తే తీసుకుని వచ్చేయకండి, ఒక్కో ఫీల్డ్‌కి ఎన్ని ఇసినోఫిల్స్ ఉన్నాయో అంకె వేయించుకోండి. గ్యాస్ టాబ్లెట్ ఎప్పటినుంచి, ఎంత డోసు వాడుతున్నాడో కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, ఆపాలో కొనసాగించాలో వాళ్ళే చెప్తారు, మీరంతట మీరు ఆపొద్దు.